తూకాలమ్మ కవరు

నాకు ముక్కుమీదే కోపం. అయినా మా ల్యాబులో అందరూ తూకాలమ్మ అని పిలిచే ఆవిడ ఒక్కతే నాతో విసుగు లేకుండా పనిచేసేది. మా అన్నయ్య కండరాల్ని తినేస్తున్న ప్రోటీన్‌ను ఏ మందు అణువు ఎంత గట్టిగా పట్టుకుంటుందో యంత్రంమీద కొలవడం ఆవిడ పని. అదే పట్టును కంప్యూటర్లో లెక్కగట్టడం నా పని. రెండూ సరిపోలితే, ఇంకా తయారు చేయని అణువుల విషయంలోనూ నా లెక్కను నమ్మవచ్చు.

అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆవిడ కొలతల్ని కవరులో పెట్టి, అంటించి, ల్యాబు నడిపే పెద్దాయన బీరువాలో పెడుతుంది. నా లెక్కలన్నీ అప్పగించాకే ఆ కవరు విప్పాలి.

ఆ ఏడు అన్నయ్యకు చొక్కా గుండీలు పెట్టుకోవడం చేతకాకుండా పోయింది. వదిన పెడుతుంటే గోడకేసి చూస్తూ నిలబడేవాడు. గట్టి మందు దొరికితే, మనుషుల మీద చేసే మొదటి పరీక్షల్లోనే అన్నయ్యను చేర్చుకుంటానని డాక్టరు మాటిచ్చాడు. నేను తూకాలమ్మ కాళ్లావేళ్లా పడ్డాను. కొలతలు ముందే చూపిస్తే నా తప్పులు దిద్దుకుంటాను, నెలలు కలిసొస్తాయి అన్నాను. ఆవిడ చాలాసేపు నసిగి, చివరికి జాలిపడి ఇరవై అణువుల కొలతలున్న కాగితం నా చేతిలో పెట్టింది.

అబద్ధపు అంకె ఒక్కటీ రాయలేదు, ఒట్టు. నడిపిన ప్రతిసారీ లెక్క జవాబు కాస్త మారుతుంది. కొలతకు దూరంగా వచ్చిన ఏడు లెక్కల్ని మాత్రం మళ్లీ మళ్లీ నడిపాను. దగ్గరికి రాగానే ఆపేశాను. బాగా కుదిరిన పదమూడింటిని ముట్టుకోలేదు. అవి ఏదో అదృష్టం కొద్దీ కుదిరాయేమోనన్న అనుమానమే రాలేదు నాకు. గ్రాఫ్‌లో ఇరవై చుక్కలూ గీత పక్కనే బుద్ధిగా కూర్చున్నాయి. పెద్దాయన మురిసిపోయాడు.

కొత్త అణువులు నాలుగు ఉన్నాయి. పూర్తిగా తయారు చేయించే స్తోమత ఒక్కదానికే. ముందు నాలుగింటిలోనూ ఒక్కో ముక్క చేయించి కొలిచి చూద్దామంది తూకాలమ్మ. గ్రాఫ్ చూపించి ఆవిడ నోరు మూయించాను. నా లెక్కలో మూడోదే అన్నిటికంటే గట్టిది.

అది తయారయ్యేసరికి పద్నాలుగు నెలలు పట్టింది. ఈలోగా అన్నయ్య మంచాన పడ్డాడు. వెళ్లినప్పుడల్లా మూడోది ఎంతవరకొచ్చిందని అడిగేవాడు.

తూకాలమ్మ దాన్ని మూడుసార్లు కొలిచింది. యంత్రంమీద గీత కదల్లేదు. ఆ అణువు ప్రోటీన్‌ను పట్టుకోవడమే లేదు. ఆ వారమే పెద్దాయన పని మొత్తం ఆపేశాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. కొలతల కాగితం ఆవిడకిచ్చేసి, లెక్కలన్నీ ఒకే తీరుగా మళ్లీ నడిపాను. చుక్కలు ఒలికిపోయిన గింజల్లా చెదిరిపోయాయి.

ఆదివారం అన్నయ్య మంచం పక్కన కూర్చుని ఏదీ దాచకుండా చెప్పాను. వదిన సగంలోనే లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అన్నయ్య ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకున్నాడు.

“మిగతా మూడింట్లో పనికొచ్చేది ఉందా?”

“తెలీదన్నయ్యా. నా లెక్కకి తెలీదు.”

“ఆ మాట అప్పుడే అనుంటే, ఆవిడ నాలుగూ కొలిచేది కదే.”

అవునన్నాను. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. చొక్కా పై గుండీ విడిపోయి ఉంటే పెట్టబోయాను. తల అడ్డంగా తిప్పి, వదినను పిలవమన్నాడు.