నబారు దీవి ఆఖరి విమానం

నబారు దీవి విమానాశ్రయంలో ప్రయాణికులను కాటా మీద నిలబెట్టి తూచే పని త్సురుకోది. తొమ్మిది సీట్ల విమానం కాబట్టి, ఎవరి బరువెంతో తెలిస్తేగానీ ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేలదు. ఇరవై ఆరేళ్లుగా అదే పని. దీవిలో ఎవరు చిక్కారో, ఎవరు నీళ్లోసుకున్నారో ఇంట్లోవాళ్లకన్నా ముందు ఆమెకే తెలిసేది.

ఆమె చేరినప్పుడు నబారు ఎయిర్‌కు మూడు విమానాలు, ఐదుగురు పైలట్లు ఉండేవారు. కొత్త ఓడ తిరగడం మొదలయ్యాక రెండు విమానాలు అమ్మేశారు. పైలట్లు ఒక్కొక్కరే పెద్ద కంపెనీలకు వెళ్లిపోయారు. చివరికి కెప్టెన్ ఒకుహిరా మిగిలాడు. ఏప్రిల్ ఒకటిన ఆయనకు అరవై ఎనిమిది నిండుతాయి, ఇక ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. యజమాని పేరు మాయెజాతో; పైలట్ కావాలని ఆయన మూడుసార్లు పేపర్లో వేయించాడు. ఓసాకా నుంచి ఒకడు వచ్చి, మూడు వారాలు నడిపి, చేపలు బాగున్నాయని చెప్పి వెళ్లిపోయాడు. విమానం బాగానే ఉంది, ఎక్కేవాళ్లూ ఉన్నారు, నడిపేవాడే లేడు.

కమదో అవ్వ వారానికి మూడుసార్లు పెద్ద దీవి ఆస్పత్రిలో డయాలసిస్ చేయించుకుని అదే రోజు తిరిగొచ్చేది. విమానంలో ఇరవై ఐదు నిమిషాలు. ఓడలో ఐదు గంటలు, అదీ సముద్రం బాగుంటే. ఇకనుంచి అక్కడే గది తీసుకుని ఉండమన్నాడు డాక్టరు. మార్చి ముప్ఫై ఒకటిన, ఆఖరి విమానానికి, ఆమె ఒక సంచీతో వచ్చి కాటా ఎక్కింది.

"ఎంతే?"

"నలభై మూడు, అవ్వా. మొన్నటికన్నా రెండు ఎక్కువ."

"అదంతా నీళ్లే. వెళ్తే తీసేస్తారు. సంచీలో మా ఆయన ఫోటో ఉంది, దాన్నీ తూస్తావా?"

"బతికుండగానే ఆయన యాభై దాటలేదుగా. వదిలేయ్."

కెప్టెన్ రన్‌వే మీది నుంచి వచ్చాడు. పక్కనుంచి కొట్టే గాలి, విమానం లేవగలిగే హద్దు దాటిందన్నాడు. పదింటికి, పన్నెండింటికి, మూడింటికి మళ్లీ వెళ్లి చూసొచ్చాడు.

"ఇరవై ఐదు నిమిషాలే కదండీ," అన్నాడు యజమాని.

"ఈ గాలిలో లేస్తే ఈవిడ చేరేది ఆస్పత్రికి కాదు, సముద్రానికి," అన్నాడు కెప్టెన్.

"ఒకుహిరా అబ్బాయిని ఏమీ అనకు, మాయెజాతో," అంది అవ్వ.

ఓడ కూడా ఆగిపోయింది. ఆస్పత్రి హెలికాప్టర్ వాళ్లూ రాలేమన్నారు.

మర్నాడు, ఏప్రిల్ ఒకటిన, ఉదయానికి గాలి పూర్తిగా పడిపోయింది. విమానం ఎండలో సిద్ధంగా నిలబడి ఉంది. యూనిఫాం లేకుండా మామూలు చొక్కాలో వచ్చిన ఒకుహిరా అధికారులకు ఫోన్ చేసి, ఒక్క ప్రయాణానికి అనుమతి అడిగాడు. కుదరదన్నారు. రెండోసారి అడిగాడు. ఫోన్ పెట్టేశాక కుర్చీలోంచి లేవలేదు. అవ్వ ముఖం ఉబ్బింది, ఊపిరి అందడం లేదు. త్సురుకో ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. ఇంకేం చేయాలో ఎవరికీ తోచలేదు. ఇంకో దీవి రోగి కోసం వెళ్లిన హెలికాప్టర్ సాయంత్రం నాలుగింటికి వచ్చింది. స్ట్రెచర్ ఒక పక్క ఒకుహిరాయే పట్టుకున్నాడు.

అవ్వ బతికింది గానీ గుండె దెబ్బతింది, మంచం దిగలేకపోయింది. జూన్‌లో త్సురుకో ఓడలో, దారంతా వాంతులు చేసుకుంటూ, ఆమెను చూడటానికి పెద్ద దీవి ఆస్పత్రికి వెళ్లింది.

"విమానంలోనేనా వచ్చావు?"

"అవునవ్వా."

"అయితే సాయంత్రం వెళ్లేటప్పుడు నాకూ ఒక సీటు ఉంచు."

త్సురుకో అలాగేనంటూ, దువ్వెన తీసుకుని ఆమె జుట్టు దువ్వసాగింది.