ప్రార్థనలో చెప్పిన పేరు

నాకు కోపం ఎక్కువని మా చర్చిలో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్లు బందరులో పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఎక్కడైనా తప్పు కనపడితే చూస్తూ ఊరుకోలేను. అది మంచి గుణమేనని 2007 దాకా నమ్ముతూ వచ్చాను.

ఆ ఏడాది నాగాయలంకలో స్త్రీల సమాజం కూటాలు మూడు రోజులు జరిగాయి. మా చర్చి నుంచి ఏడుగురం వెళ్లాలి. మాతోపాటు చర్చికి వచ్చే రాజబాబు కోనేరు సెంటర్ దగ్గర బళ్లు అద్దెకిచ్చేవాడు. డ్రైవరు లేకుండా సుమో కావాలంటే పదివేలు డిపాజిట్ కట్టాలన్నాడు. మా అబ్బాయి కిరణ్ కుమార్ విజయవాడ నుంచి సెలవు పెట్టి మరీ బండి నడపడానికి వచ్చాడు. జేబులో కొత్త క్రెడిట్ కార్డు ఉంది కదా, వాడే వెళ్లి డిపాజిట్‌కి అది గీకించి బండి తెచ్చాడు.

బండి మీద గీత కూడా పడకుండా తిరిగొచ్చాం. అబ్బాయి డ్యూటీకి వెళ్లిపోతే డిపాజిట్ కోసం నేనే వెళ్లాను. రాజబాబు తొమ్మిదివేల ఏడువందల యాభై చేతిలో పెట్టాడు. మిగతాది ఏదయ్యా అంటే, కార్డు మీద కడితే బ్యాంకువాళ్లు రెండున్నర శాతం పట్టుకుంటారన్నాడు. బండి క్షేమంగా అప్పజెప్పాక నా డిపాజిట్‌లో బ్యాంకుకేం పనని అడిగాను. కిరణ్ బాబుని అడగండి టీచరుగారూ అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నీ కక్కుర్తికి నా కొడుకుని అడ్డం పెట్టుకుంటావా అని నలుగురిలో కడిగేసి వచ్చాను. అబ్బాయిని మాత్రం అడగలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. మా చర్చిలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. జబ్బుపడ్డవాళ్లనీ, పరీక్షలు రాసేవాళ్లనీ, తాగుడు మానలేనివాళ్లనీ పేరు పెట్టి పైకే ప్రార్థిస్తాం. ఆ శుక్రవారం నేను మోకరించి, ప్రభువా, నీ పని మీద వెళ్లినవాళ్ల సొమ్ముకి ఆశపడిన రాజబాబు మనసు మార్చు అని గట్టిగా ప్రార్థించాను. పోట్లాడితే ఎదురు మాట్లాడొచ్చు గానీ, ప్రార్థనకు ఎవరు ఎదురు చెబుతారు? అందరూ ఆమెన్ అన్నారు. రాజబాబు భార్య ధనమ్మ అదే చాప మీద ముసుగు వేసుకుని కూర్చుని ఉంది. ఆమె ఉందని తెలిసే అన్నాను.

ఆ తర్వాత మావాళ్లెవరూ రాజబాబు దగ్గర బళ్లు మాట్లాడలేదు. అతన్ని సంఘ పెద్దగా ఎన్నుకుందామన్న మాట ఎత్తడం మానేశారు. మొగుడూ పెళ్లాలు మొదట్లో వెనక వరసలో కూర్చునేవారు, తర్వాత రావడమే మానేశారు.

క్రిస్మస్‌కి అబ్బాయి వచ్చి, రాజబాబు కనపడలేదేమని అడిగాడు. జరిగింది చెప్పాను, కాస్త గర్వంగానే. వాడు అన్నం తింటున్న చెయ్యి ఆపేశాడు.

"ఆయన ముందే చెప్పాడమ్మా. క్యాష్ తెచ్చుకోండి బాబూ, కార్డయితే బ్యాంకోళ్లు రెండొందల యాభై పట్టుకుంటారు, అది నేను తిరిగివ్వలేను అన్నాడు. సరేనని నేనే సంతకం పెట్టాను."

"మరి నాకు చెప్పలేదేంరా?"

"నువ్వు అడిగావా?"

మర్నాడే రాజబాబు ఇంటికి వెళ్లాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. అతను కుర్చీ వేశాడు, ధనమ్మ టీ ఇచ్చింది. తప్పయిపోయింది బాబూ, క్షమించు అన్నాను. పెద్దవారు, మీరంత మాట అనకూడదండీ అని అతను తల దించుకున్నాడు. ధనమ్మ మాత్రం అంతటితో వదల్లేదు.

"మా ఇంట్లో మాకు చెబితే ఏం లాభమండీ టీచరుగారూ? ప్రార్థనలో అందరూ విన్నారు. అక్కడే చెప్పండి, మళ్లీ చర్చికొస్తాం."

చెబుతానని మాటిచ్చాను.

శుక్రవారం ధనమ్మ వచ్చి గుమ్మం పక్కన కూర్చుంది. పాస్టరు జకరయ్యగారు నన్ను ప్రార్థించమన్నారు. మోకరించాను. రాజబాబు తప్పేమీ లేదు, నేనే, ఈ జ్ఞానమ్మే, తొందరపడి నింద వేశాను, ఇంతే చెప్పాలి. ఇంట్లో పదిసార్లు అనుకుని వచ్చాను కూడా. కానీ చుట్టూ నా దగ్గర చదువుకున్న పిల్లల తల్లులు. ప్రభువా, ఒకరినొకరు అపార్థం చేసుకునే మమ్మల్నందరినీ క్షమించు అన్నాను. అందరినీనట! సిగ్గులేకుండా ఆ మాట వెనక దాక్కున్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

కళ్లు తెరిచేసరికి ధనమ్మ లేచి వెళ్లిపోతోంది. వెనకాలే పరిగెత్తి, వచ్చే శుక్రవారం తప్పకుండా చెబుతానమ్మా అన్నాను. ఆమె కోప్పడలేదు.

"వద్దులెండి. మీరు చెప్పగానే లోపలికొద్దామని ఆయన బైబిలు పట్టుకుని కిటికీ బయటే నిలబడ్డారు. అంతా విన్నారు."

గేటు దగ్గర రాజబాబు స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఎప్పటిలాగే నమస్కారం పెట్టాడు. ఆ తర్వాత వాళ్లు మా చర్చి గుమ్మం తొక్కలేదు.