మొహమాటపు మొక్క

భ్రమరాంబ కాఫీ కలుపుతుంటే, ముందుగదిలో ఎడారి జాతి సక్యులెంటు మొక్కకు పొలమారుతుంది. ఆమె వెళ్లి దాని నెత్తిమీద మెల్లగా తడుతుంది. ఎవరో తలుచుకుంటున్నారులే అంటుంది. ఆ తట్టుడికే మరో ఆకు ఊడిపడుతుంది. దళసరిగా ఉండాల్సిన ఆకు పసుపురంగుకు తిరిగి, లోపలి నీళ్లు కనిపించేంత మెత్తబడింది.

కాకినాడలో ఆమె నడిపిన మెస్సు మూతపడిన రోజు, ఆఖరి బంతిలో కూర్చున్నవాళ్లు ఈ మొక్కను చేతిలో పెట్టి వెళ్లారు. ఇప్పుడు ఆమె చేతి మీదుగా ఏదైనా పుచ్చుకునేది ఇదొక్కటే. ఇదీ పోతే ఆ చేతులతో ఏం చేసుకోవాలో ఆమెకు తెలియదు. అందుకే అది నీరసపడ్డకొద్దీ మరో గ్లాసు పోస్తుంది. గోడలు ఉబ్బాయి. సోఫా కింద చేపపిల్లలు తిరుగుతున్నాయి. వాటికీ మరమరాలు వేస్తోంది.

పైవాటాలో ఉండే డాక్టరు కామేశంగారు ఒంటె. ఆయన తల కిటికీలోంచి లోపలికొస్తుంది, తక్కిన ఒళ్లు మెట్లమీదే ఉంటుంది. ఆమె అలవాటుగా మంచినీళ్ల చెంబు అందిస్తుంది. పోయిన వేసవిలో తాగానని, ఇప్పుడు వద్దని ఆయన చెబుతాడు. భ్రమరాంబ మనసు చివుక్కుమంటుంది.

ఆయన మొక్కను పైకి లాగి వేళ్లు వాసన చూస్తాడు. నల్లగా కుళ్లిపోయాయి.

"మొహమాటమండి. బాగా ముదిరిపోయింది. మీరేమో పోస్తారు, ఇదేమో వద్దనలేదు."

మర్యాద చేసి చంపుతున్నానా అని ఆమెకు ఏడుపొస్తుంది. ఆయన కుళ్లిన వేళ్లు కత్తిరిస్తుంటే తన కాలివేళ్లు ముడుచుకుంటుంది. మొక్కను నీడలో ఆరబెట్టి, ఇసుక కలిపిన మట్టిలో నాటమంటాడు. అది నోరు తెరిచి అడిగేదాకా చుక్క పొయ్యొద్దంటాడు.

"కష్టం దానికి కాదండి, మీకే."

నిజమే. ఆమె చేతులు ఊరుకోవు. ఒంటినుంచి విడివడి వంటింట్లోకి వెళ్లి చెంబు వెతుకుతాయి. ఆమె వాటిని బుజ్జగించి తీసుకొచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. గోడలు మెల్లగా ఆరుతాయి. చేపపిల్లలు సెలవు తీసుకుని, ఆటో మాట్లాడుకుని కాలవకు వెళ్లిపోతాయి.

ఒక ఉదయం ఎంత ఆపినా చేతులు గ్లాసు పట్టుకుని కుండీ దగ్గరకు వెళ్తాయి. మొక్క గట్టిపడ్డ ఆకులు కదిలించి గొంతు సవరించుకుంటుంది.

"వద్దండి."

అంత కమ్మని మాట భ్రమరాంబ ఎన్నడూ వినలేదు. నేలమీద రాలిన ఆకుల మొదళ్లలోంచి గోరంత పిల్లమొక్కలు లేచి, తమకూ వద్దండి అంటాయి. ఆమె కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వుతుంది.

"పిన్నిగారూ, మీరు తిన్నారా?" అంటుంది మొక్క.

మెస్సు నడిపినన్నాళ్లూ ఆ మాట ఆమె అడగడమే గానీ, ఆమెను అడిగినవాళ్లు లేరు. పిల్లమొక్కలు అరిటాకు పరుస్తాయి. సక్యులెంటు నడిమధ్యనుంచి పొడవాటి పూలకాడ లేచి, కొసన గరిటె పూస్తుంది. వేడి అన్నం, ముద్దపప్పు, మీద నెయ్యి. చాలు అన్న మాట ఆమె నోటిదాకా వస్తుంది. దాన్ని ముద్దతోపాటు మింగేస్తుంది.

"ఇంకొంచెం," అంటుంది భ్రమరాంబ.

గరిటె వంగుతుంది. ఆమె కాలివేళ్లు తెల్లటి వేళ్లై గచ్చు కిందికి దిగుతాయి. అక్కడ ఇసుక వెచ్చగా, పొడిగా ఉంది.