మూడో రేవు దగ్గర

నేను ఒక ఆట పుస్తకాన్ని. చిన్నపిల్లల ఆటలది కాదు. నలుగురు పెద్దవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, లేని రాజ్యంలో తిరుగుతున్నామనుకుంటూ నెలల తరబడి ఆడే కథ నాలో ఉంది. ఒకరు నన్ను ముందు పెట్టుకుని కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషై, ఎటు వెళ్ళాలో, ఎవరిని నమ్మాలో తేల్చుకుంటారు. తేలని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. నడిపేవారు నన్ను ఆఖరుదాకా చదివి ఉండాలి. ఆడేవాళ్ళు ఒక్క ముక్క కూడా చదివి ఉండకూడదు. ఇంతకుమించి నాకు కట్టుబాట్లు లేవు. అవి రెండూ ఒకే బల్ల దగ్గర తప్పాయి.

నా పేరు ‘ఏడు రేవుల నది’. ఇంగ్లీషు పుస్తకాన్ని. పరాయి దేశంలో అచ్చయ్యాను. నన్ను రాసినవాళ్ళు నిజంగా ఒక నదిని దాటారో లేదో తెలియదు గానీ, అట్ట మీద బొమ్మ వేసినవాడు మాత్రం నీళ్ళను బాగా చూసినవాడు. ఓడెక్కి వచ్చి, విశాఖలో ఎవరో కుర్రాళ్ళ గదిలో కొన్నాళ్ళుండి, వాళ్ళు గది ఖాళీ చేసిన రోజున పాత కాగితాల్లో కలిశాను. ఆ కట్ట కడియపులంకలో ఒక నర్సరీకి వచ్చింది. మొక్కల మొదళ్ళకు చుట్టడానికి.

చుట్టబోయిన మనిషి తాతబ్బాయి. కొమ్మకు కొమ్మ అతికి అంట్లు కట్టడం ఆయన పని. కత్తి పట్టుకుంటే చెయ్యి వణకదు, నోరు తెరిస్తే మాట రాదు. పొద్దున్నుంచి సాయంత్రందాకా మొక్కల మధ్య కూర్చుంటే మాటలతో పనేముంది? నా అట్ట మీది నదిని చాలాసేపు చూశాడు. తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఆ వానాకాలమంతా నన్ను చదివాడు. షేడ్‌నెట్ కింద, పక్కన డిక్షనరీ పెట్టుకుని, మాట మాట కూడబలుక్కుంటూ చదివాడు. పైన నీళ్ళ గొట్టం కారి నా అట్ట మీద ఆకు ఆకారంలో మరక పడింది. ఆఖరి రేవు దాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చాడు. నేను ఒక్కడు ఆడే ఆటను కాను. ఆయనకి ఆడేవాళ్ళు లేరు. పాచిక బదులు చింతగింజలు వేసుకుని, పడవవాడి గొంతు ఒకటి, బాటసారి గొంతు ఒకటి తనే పలుకుతుంటే కూలీలు చూశారు. ఇంకేముంది, నర్సరీ అంతా పడీపడీ నవ్వింది. ఆ తర్వాత రాజమండ్రి వెళ్ళినప్పుడు నన్ను పాత పుస్తకాల కొట్టు బల్ల మీద వదిలేసి, వెనక్కి చూడకుండా నడిచాడు. ఆ కొట్టు చెమ్మకి నా పేజీలు చాలా చోట్ల ఒకదానికొకటి అంటుకుపోయాయి.

నన్ను అక్కడినుంచి తెచ్చింది నాగవేణి. నర్సరీలో ఆర్డర్లూ బిల్లులూ చూడడానికి కొత్తగా చేరిన మనిషి. ఈ ఆట హాస్టల్లో నేర్చుకుందట. ఆదివారం మధ్యాహ్నాలు కుండీల గదిలో చిన్న చిన్న కథలు ఆడించడం మొదలుపెట్టింది. వ్యాను నడిపే బాబ్జీ, గేటు పక్కన కుట్టుమిషను పెట్టుకున్న జమీలా చేరారు. మాట్లాడని తాతబ్బాయిని ఎందుకు పిలిచిందో నాగవేణికే తెలియాలి. ఆయన వచ్చాడు. ఆ బల్ల దగ్గర మాత్రం మిగతా ముగ్గురూ ఆయన మాట కోసం ఆగేవారు. అలా ఆగడం ఆయన జన్మలో ఎరగడు.

చిన్న కథలయ్యాక పెద్ద కథ కావాలనుకున్నారు. నాగవేణి మూడు పుస్తకాలు బల్ల మీద పరిచింది. మూడోదాన్ని నేను. తాతబ్బాయి నన్ను చూశాడు. మరకను చూశాడు. చేతులు బల్ల కిందకి లాక్కున్నాడు.

“ఒకటి కొండ మీద డ్రాగనండి. ఒకటి ఎడారిలో దొంగతనం. ఇదేమో నది మీద ప్రయాణం,” అంది నాగవేణి.

“డ్రాగన్ని ఏసేసి పోదామండి. రేపు నాకు విజయనగరం లోడుంది,” అన్నాడు బాబ్జీ.

“ఒక్క రోజులో తేలేది కాదు బాబ్జీ గారూ. ఏడాదైనా పడుతుంది.”

“ఏడాదే! మా ఆవిడ నన్ను ఈ కుండీల్లోనే పాతేస్తదండి.”

“ఎడారి మాత్రం వద్దండి. ఈ రేకుల కింద కూర్చుని మళ్ళీ ఎండ కథేంటి? నీళ్ళున్నది పెట్టండి,” అంది జమీలా.

నాగవేణి నన్ను పైకెత్తింది. “నీళ్ళేనండి, అట్ట మీద కూడా. పాపం ఎవరో తడిపేసుకున్నారు. ముందొక మాట. ఇది ఎవరైనా చదివుంటే చెప్పెయ్యండి, పక్కన పెట్టేసి వేరేది చూద్దాం.”

“చదివే అలవాటుంటే పదో క్లాసే గట్టెక్కేవాణ్ణి కదండీ!” అన్నాడు బాబ్జీ.

అందరూ నవ్వారు. తాతబ్బాయీ నవ్వాడు. చెప్పాల్సిన మాట ఆ నవ్వు కిందే ఉండిపోయింది. చెబితే నన్ను పక్కన పెడతారు. ఏ నదికోసం చింతగింజలు వేసుకున్నాడో ఆ నది, ఇన్నాళ్ళకి మనుషులు దొరికాక, మళ్ళీ పోతుంది.

“మరి మీరు మొత్తం చదివేశారాండి?” అని జమీలా అడిగింది.

“చదివేశానండి,” అంది నాగవేణి, నన్ను దగ్గరికి లాక్కుంటూ.

అంటుకున్న నా పేజీలు అంటుకున్నట్టే ఉన్నాయి. సీజను రోజులు, ఆర్డర్ల మీద ఆర్డర్లు. ప్రతి శనివారం రేపటికి సరిపడా చదువుకోవచ్చులే అనుకుంది.

ఆట సాగింది. బాబ్జీ కత్తివీరుడు. జమీలా నూరీ అనే మంత్రసాని, మందులిచ్చేది. నూరీకి గుర్తుగా గుడ్డపీలికలతో బొటనవేలంత బొమ్మ కుట్టి తెచ్చింది. నల్ల పూసల కళ్ళు, ఎర్ర ముసుగు. కథలో ఏదైనా తలుపు తీయాల్సి వచ్చినప్పుడల్లా ఆ బొమ్మని గుప్పిట్లో దాచుకునేది. తాతబ్బాయి దారి చూపే వేటగాడు. ఆయన చూపిన దారి ఎప్పుడూ తప్పలేదు.

“బావ బుర్ర బుర్రేనెహే. గోడవతల ఏముందో వాసన చూసి చెప్పేస్తాడు,” అనేవాడు బాబ్జీ.

ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా తాతబ్బాయి నీళ్ళ గ్లాసు అందుకునేవాడు. అనుమానం రాకుండా ఒకసారి కథలో తెలిసి తెలిసి గోతిలో పడ్డాడు. అందరూ అయ్యో అని తాడు వేసి లాగారు. జమీలా తన మందు ఆఖరి చుక్కదాకా ఆయన కాలికే పోసింది. ఆ రోజు ఆయన ఇంటికి పోతూ నా వంక చూడలేదు.

మూడో రేవుకు వచ్చారు. మంచు, నల్లటి పడవ, చెయ్యి చాపి నిలబడ్డ పడవవాడు. ముందు నూరీ ఎక్కబోయింది. “నీ పేరు చెప్పి ఎక్కు,” అన్నాడు పడవవాడు, నాగవేణి నోటితో.

జమీలా నోరు తెరిచింది.

“చెప్పకమ్మా!” తాతబ్బాయి కుర్చీలోంచి లేచిపోయాడు. “ఓర్విన్‌కి పేరు చెబితే మనిషి దక్కదు!”

నాగవేణి తలెత్తింది. “ఓర్విన్ ఎవరండీ?”

నాగవేణి నా పేజీ తిప్పబోయింది. రాలేదు. గోరుతో విడదీస్తుంటే చర్రుమన్న చప్పుడు అందరికీ వినిపించింది. పడవవాడి పేరు ఆ వెనక పేజీలో ఉంది.

“అదేంటండీ, పుస్తకం మీ దగ్గర కదా ఉంది?” అన్నాడు బాబ్జీ.

జమీలా బొమ్మని బల్ల మీద పెట్టింది. “కాపాడావు అన్నయ్యా, సరే. కానీ ప్రతి తలుపు దగ్గరా ప్రాణం ఉగ్గబట్టుకున్నాను. పక్కన నువ్వున్నావు, నీకూ భయమే కదా అనుకున్నాను. ఇన్నాళ్ళూ భయపడింది నేనొక్కదాన్నేనా?”

తాతబ్బాయి చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. చివరికి నాగవేణే నన్ను చంకన పెట్టుకుని, ఆయన అంట్లు కడుతున్న చోటికి వెళ్ళి మట్టిలోనే కూర్చుంది.

“చదివానని చెప్పానండీ నేను. చదవలేదు,” అంది.

ఆయన పట్టీ చుట్టడం ఆపలేదు. “చదివిన సంగతి నేను చెప్పలేదండి,” అన్నాడు. పట్టీ ముడి బిగించి, “నూరీ ఉందా?” అన్నాడు.

“రేవులోనే ఆపేశామండి. ఇంకా పేరు చెప్పలేదు.”

నన్ను ఆయన ఒళ్ళో పెట్టింది. “ఇక్కడినుంచి మీరు నడపండి. నాకు ముందేముందో ఎలాగూ తెలియదు. మీ కుర్చీలో నేను కూర్చుంటాను.”

ఆయన మరక మీద వేలు పెట్టాడు గానీ నన్ను తెరవలేదు.

ఆదివారం కుర్చీలు మారాయి. బాబ్జీ బావా అనలేదు. జమీలా పలకరించలేదు. తాతబ్బాయి నన్ను తెరిచి, వినిపించీ వినిపించని గొంతుతో అడిగాడు.

“పడవవాడు చెయ్యి చాపాడమ్మా. నీ పేరు చెప్పి ఎక్కమంటున్నాడు.”

“చెప్పకండేం జమీలా గారూ. తెలిసిపోయింది కదా!” అన్నాడు బాబ్జీ.

“నాకు తెలిసింది. నూరీకి తెలియదు కదండీ.” జమీలా బొమ్మ ముసుగు సర్దింది. పడవవాడి వైపే చూస్తూ, “నూరీ,” అంది.

తాతబ్బాయి పేజీ వైపు చూశాడు. ఆ పేజీ ఇంకెవరూ చదవలేదు. పడవవాడు జాలిపడి వదిలేశాడని చెప్పినా కాదనేవాళ్ళు లేరు. కత్తి పట్టినట్టే నా అంచుని గట్టిగా పట్టుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు చదివాడు. ఇంతకుముందు పేరిచ్చినవాళ్ళ దీపాల పక్కన, పడవ ముందు కొయ్యకి ఇంకొక దీపం వెలిగింది. ఒడ్డున ఎర్ర ముసుగు పడి ఉంది.

జమీలా ఏడవలేదు. బొమ్మని తీసి ఆ పేజీ మీద పెట్టి, “ఇక్కడే ఉండనివ్వండి,” అంది. ఆయన దాని మీదే నన్ను మెల్లగా మూశాడు.

ఆ తర్వాత మిగతా రేవులన్నీ దాటారు. జమీలా వేరే మనిషై ఆడింది. బాబ్జీ మళ్ళీ బావా అనడం మొదలుపెట్టాడు. ఇప్పుడు వాళ్ళు ఎడారి కథలో ఉన్నారు. అది ఆడేవాళ్ళలో ఎవరూ చదవలేదు. నడిపే నాగవేణి మాత్రం మొత్తం చదివాకే మొదలుపెట్టింది. నేను అదే గదిలో, కుండీల పై అరలో ఉన్నాను. లోపల బొమ్మ ఉంది కాబట్టి నేను పూర్తిగా మూసుకోను. మూడో రేవు దగ్గర వేలెడు సందు. కుండీల కోసం వచ్చినప్పుడు తాతబ్బాయి తలెత్తుతాడు. ఆ సందులోంచి ఎర్ర గుడ్డ అంచు కనిపిస్తుంది. చూపు దించుకుని, కావలసిన కుండీలు తీసుకుని వెళ్ళిపోతాడు.