ఇంకా ఆరలే

మూట ముడి విప్పి భూమవ్వ గుడ్డలను కుప్పలుగా వేరు చేస్తోంది. తెల్లవి ఒక పక్కకు, రంగు పోయేవి ఇంకో పక్కకు, మరకలున్నవి తన కాళ్ల దగ్గరకు. అది విజయేందర్ ఇంటి మూట. చొక్కాలు, లుంగీలు, ఒక దుప్పటి. దుప్పటి మడతలో ఏదో మెత్తగా చేతికి తగిలింది. ఉతికిన చీర. మొన్ననే తాను ఉతికి, ఇస్త్రీ చేసి పంపిన చీర. మాసిన గుడ్డల్లోకి మాయని చీర ఎందుకొచ్చిందని ఆమెకు ఆశ్చర్యం వేయలేదు. లోపలికి పోయి, అంతకుముందు అట్లాగే వచ్చిన చీరల మీద దాన్ని పెట్టి, సందుగ మూత వేసి వచ్చి మళ్లీ మూట ముందు కూర్చుంది.

భూమవ్వకు అరవై దాటాయి. సబ్బునీళ్లకు వేళ్ల సందులు తెల్లగా పాసిపోయాయి. బండకేసి బాదీ బాదీ కుడి భుజం కిందికి జారింది. మొగడు హనుమండ్లు పోయాక గాడిదలను అమ్మేసింది. ఊళ్లోకి బట్టలుతికే మిషన్లు వచ్చాక పంటల మీద వచ్చే గింజలూ ఆగిపోయాయి. ఇప్పుడు ఆమె దగ్గరికి వచ్చేవి మిషన్‌లో పట్టని బొంతలు, మిషన్‌లో వేయడానికి మనసొప్పని మైల గుడ్డలు, లక్సెట్టిపేటలో వాహెద్ నడిపే టెంట్ హౌస్ తెల్లగుడ్డలు.

గుడ్డ ఏదీ దాచదు. ఏ కోడలికి నెల తప్పిందో, ఏ పెద్దమనిషి తాగి ఎక్కడ పడ్డాడో మూట విప్పితే తెలిసిపోతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త చెప్పింది: "గుడ్డ చెప్పిన ముచ్చట రేవుల్నే ఇడిసిపెట్టాలె. రేవు దాటితె మనం మూగోళ్లం." ఆ మాట మీదనే భూమవ్వ ఇన్నేళ్లు బతికింది.

విజయేందర్ భార్య నవనీత రవికెలు భుజం దగ్గర పిగిలి వచ్చేవి. చీర కొంగుకు నెత్తుటి చుక్కలుండేవి. భూమవ్వ నెత్తుటిని చన్నీళ్లతో వదిలించి, పిగిలిన చోట కుట్టు వేసి పంపేది. ఒకరోజు నవనీత ఆ కుట్టును వేలితో తడుముతూ అడిగింది.

"అవ్వా, ఎవలకన్న చెప్పినవా?"

"చెప్పుకుంట తిరిగితె నాకు గుడ్డలెవలేస్తరు బిడ్డా?"

ఆ వారం నుంచే దుప్పటి మడతల్లో చీరలు రావడం మొదలైంది.

భూమవ్వ ఇల్లు బస్టాండు పక్కనే. ఇంటి ముందు రెండు గుంజల మధ్య దండెం. ఎదురుగా స్తంభం మీద కెమెరా. బావుల దగ్గర మోటార్లు పోతున్నాయని ఊరంతా చందాలేసుకుని పెట్టుకున్నారు. మోటార్లు పోతూనే ఉన్నాయి. చందాలు వసూలు చేసిన విజయేందర్ ఫోన్‌లో మాత్రం ఆ కెమెరా చూసేదంతా కనిపిస్తుంది. లక్సెట్టిపేటలోని తన ఎరువుల దుకాణంలో కూర్చుని బస్టాండును చూస్తుంటాడు. పక్కనే చాయ్ డబ్బా నడిపే సుగ్రా బేగం తల మీద కొంగు జారిపోయి కునికిపాట్లు పడుతుంటే ఆ వీడియో ముక్క ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. పోరగాళ్లు వారం రోజులు నవ్వారు. ఆమె వారం రోజులు డబ్బా తెరవలేదు.

ఉగాది ముందు నవనీత గోదావరిఖనిలో ఉన్న అక్క జ్యోతిరాణి దగ్గరికి పోదామని బస్సెక్కింది. బస్సు లక్సెట్టిపేట చేరేసరికి విజయేందర్ అక్కడ నిలబడి ఉన్నాడు. "పానం బాగలేదు, ఇంటికి తీస్కపోతున్న" అని కండక్టర్‌తో చెప్పి రెక్క పట్టుకుని దింపాడు. స్తంభం మీది కన్ను బస్సెక్కడం చూసింది, ఆమె చేతిలోని ఫోన్ ఏ దారిన పోతున్నదో చెప్పింది. ఆ వారం వచ్చిన రవికెలకు కుట్టు వేయడం భూమవ్వ వల్ల కాలేదు.

భూమవ్వ గుడ్డలు వేరు చేస్తుండగానే బండి చప్పుడైంది. విజయేందర్ దుకాణానికి పోతూ ఆగాడు.

"ఏమే భూమవ్వా, నీ దండెం జర ఎనుకకు జరుపరాదే. కెమెరాకు గుడ్డలు అడ్డమస్తున్నయ్."

"కెమెరాకు ఎండతోని ఏం పని కొడుకా? నా గుడ్డలకున్నది."

"దొంగలు దొరకాల్నా, వద్దా?"

"దొరికిండ్రా? మొన్న సంపత్ మోటరు పోయె. గప్పుడు నీ కెమెరా కునుకు తీసిందా?"

డబ్బాలో సుగ్రా బేగం కిసుక్కుమంది. విజయేందర్ అటు చూడనట్టే ఉన్నాడు.

"గది ఇడిసిపెట్టు. మొన్న నవనీత నీ ఇంటికాడ చానసేపు నిలవడ్డది. ఏం ముచ్చట?"

"నీ అంగీ కాలర్ ముచ్చట. ఎంత రుద్దినా గా మురికి పోతలేదు బిడ్డా అన్న. నాతోని గూడ పోతలేదవ్వా అన్నది."

అతను బండిని లక్సెట్టిపేట వైపు తిప్పుకుని పోయాడు.

భూమవ్వ రేవుకు పోయింది. గోదావరి ఎండకు సన్నబడి దూరం జరిగింది. టెంటు చుట్టూ గోడలా కట్టే పక్క గుడ్డలు నీళ్లు పీల్చుకుంటే ఒక్కొక్కటి మనిషంత బరువు. ఉతికి, జాడించి, నీలిమందు పెట్టి, పిండేసరికి రెక్కలు గుంజాయి. వాటిని వాహెద్ ఆటోట్రాలీలో వేయించి ఇంటికి తెచ్చుకుంది.

దండేనికి కట్టలేదు. గుంజలకు ఎత్తుగా రెండు వెదురు గడలు కట్టి వాటికి తెల్లగుడ్డను బిగించింది. ఒకదాని పక్కన ఇంకొకటి. ఆమె ఇంటి గడప నుంచి బస్సు ఆగే చోటు దాకా తెల్లటి గోడ లేచింది. స్తంభం మీది కెమెరాకు ఇక కనిపించేది ఆ తెలుపే.

అనుకున్న వేళకు నవనీత చంకలో మాసిన గుడ్డల మూటతో, గోడకు ఇవతలి నుంచి వచ్చింది. మూట దింపి, చేతిలోని ఫోన్‌ను మొగని చొక్కాల నడుమ పెట్టి ముడి వేసింది. భూమవ్వ సందుగలోని చీరలను సంచిలో వేసి చేతికిచ్చింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు బస్సులో టికెట్ అక్కర్లేదు. నవనీత కార్డు మొగని గల్లాపెట్టెలో ఉంది. అందుకని టికెట్ కోసం ఒక నోటు ఆమె కొంగుకు ముడేసింది.

బస్సు వచ్చి ఆగింది. నవనీత కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"పోయస్తనవ్వా."

గడప దాటే ఆడబిడ్డను పో అనకూడదు, పోయి రా అనాలి. భూమవ్వకు తెలుసు.

"రాకు బిడ్డా," అంది. "పో."

తెల్లగుడ్డ వెనక బస్సు కదిలింది. సుగ్రా బేగం అటువైపు చూడకుండా గ్లాసులు కడుగుతూ కూర్చుంది.

విజయేందర్ పొద్దు వాలే వేళకు వచ్చాడు. అతని ఫోన్ నవనీత చాకలింట్లో ఉన్నట్టు చూపిస్తోంది. పిలిస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. గడపలో నిలబడి మళ్లీ పిలిచాడు. అరుగు మీది మూటలో, అతని చొక్కాల లోపల మోగింది.

"ఏది? నవనీత ఏది?"

"నన్నడుగుతవేంది కొడుకా? నీ కెమెరాను అడుగు."

"గంటల సంది ఉత్త తెల్లగ కనవడుతున్నది! నువ్వే తోలిచ్చినవ్. రేపటి సంది ఊళ్ల ఒక్క గుడ్డ నీ గడప తొక్కదు. ఈ గుంజలు గూడ పీకేపిస్త. పంచాయితి జాగ ఇది."

భూమవ్వ లేచి అతని దగ్గరికి పోయింది. అతనికి ఒక్కడికే వినబడేట్టు చెప్పింది.

"నీ పురిటి గుడ్డలు ఉతికిన చేతులివి. నిన్ను కన్న మీ అవ్వ రవికెలు గూడ ఉతికిన. గామె భుజానికి గూడ నేనే కుట్లేసిన. ఎవలకు చెప్పలే. ఇయ్యాల గూడ చెప్ప. నీ పెండ్లాం యాడికి పోయిందో గూడ చెప్ప."

విజయేందర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అతని కోపం బయటపడే దారి వెతుక్కుని తెల్లగుడ్డ మీదికి మళ్లింది.

"ముందుగాల గిది పీకు."

"ఇంకా ఆరలే."

అతను గుడ్డను పట్టి నలిపాడు. కరకరలాడింది.

"అప్పడం లెక్క ఎండింది! ఆరలేదంటవా?"

సుగ్రా బేగం డబ్బాలోంచి గ్లాసులు కడిగిన బకెట్‌తో లేచి వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుంది. బకెట్ ఎత్తి నీళ్లన్నీ గుడ్డ మీదికి విసిరింది. సగం అతని ప్యాంటు మీద పడ్డాయి.

"ఏడ ఎండింది సేటూ? జర మంచిగ చూడు. ఇంకా కారుతున్నది."

బస్సు కోసం కూర్చున్నవాళ్లు నవ్వారు. అతను మూట విప్పి ఫోన్ తీసుకున్నాడు. చొక్కాలు అరుగు మీద చెల్లాచెదరుగా పడ్డాయి. బండి లక్సెట్టిపేట వైపు పోయింది. బస్సు ఆ ఊరు దాటి చాలాసేపయింది.

భూమవ్వ చొక్కాలు ఎత్తలేదు. రేపు గుంజలు పీకుతారేమో. పీకేదాకా అవి తనవే. కుండలో చెంబు ముంచి, పొడిగా మిగిలిన మూల మీద చల్లింది.

చీకటి పడుతుండగా స్తంభం మీద కెమెరా ఎర్రదీపం వెలిగింది. దాని ఎదుట తెల్లగుడ్డ తడితో బరువుగా వేలాడుతూ, గాలి వచ్చినప్పుడు మాత్రం కొంచెం ఉబ్బి, మళ్లీ నిటారుగా నిలబడుతోంది.