తన తోకనే కొరికే చేప

ఫైటర్ చేప తోకను ఎవరో కత్తిరించారని గురమ్మ మొదట అనుకుంది.

రాత్రి దాకా ఎర్ర పట్టుకొంగులా సాగుతూ ఉండిన తోక, పొద్దున చూస్తే సగం లేదు. చివర్లు పీలికలుపీలికలుగా ఉన్నాయి. గాజు సీసా అడుగున రెండు ఎర్రటి తునకలు పడి ఉన్నాయి. ఇంటి యజమానురాలు నూరియా మామా ఇంకా నిద్ర లేవలేదు. లేచి ఇది చూసిందా, తిన్నగా పోలీస్ స్టేషన్‌కు బయలుదేరుతుంది. అక్కడ ఇప్పుడు ఉన్నది ఇరాకీ సైన్యం.

కువైట్‌లో సల్వా పేటలోని ఆ పెద్ద ఇంట్లో అప్పటికి మిగిలింది ముగ్గురే. యజమానురాలు నూరియా, పనిమనిషి గురమ్మ, డ్రైవర్ హుస్సేన్ వలి. ఇంటాయన గుండె ఆపరేషన్‌కని లండన్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. ఒక్కగానొక్క కొడుకు బదర్ యూనివర్సిటీలో చదివేవాడు. ఇరాకీలు కువైట్‌లో అడుగుపెట్టిన వారానికి, చొక్కా లోపల కరపత్రాలు దాచుకుని బయటికెళ్ళాడు. రోడ్డు మీద సైనికులు ఆపి పట్టుకెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు. అంతే. మళ్ళీ కబురు లేదు.

వెళ్ళేముందు వాడు తల్లితో అన్న మాట ఒక్కటే. "నేనొచ్చేదాకా నా ఫైటర్ జాగ్రత్త."

ఆ మాటను నూరియా ముడుపులా కట్టుకుంది. చేప బతికుంటే కొడుకు బతికున్నట్టే. చేప తిన్ననాడు తనూ నాలుగు మెతుకులు తినేది. చేప మూల నక్కినరోజు ముసుగు వేసుకుని గేటు దగ్గరికి నడిచేది. "స్టేషన్‌కు పోయి అడుగుతాను, నా కొడుకును ఇవ్వమంటాను." వలి కారు తాళాలు దాచి, బ్యాటరీ పోయిందని అబద్ధం చెప్పి ఆపేవాడు. అలా కొడుకు కోసం అడగడానికి వెళ్ళిన వెనకవీధి ఆవిడ తిరిగి రాలేదు. నూరియాకూ ఆ సంగతి తెలుసు. తెలిసే వెళ్తానంటుంది.

అందుకే గురమ్మకు వంటకన్నా, ఇంటికన్నా ఆ చేపే పెద్ద పనైంది.

"ఓ మామా! ఇట్లా రా, బిరీన!" అని కేకేసింది.

వరండాలోంచి హుస్సేన్ వలి వచ్చాడు. పడకగదిలోంచి నూరియా కూడా వచ్చింది. ఆ ఇంట్లో అదొక తంటా. కువైట్‌లో పనిచేసే ఆడవాళ్ళంతా యజమానురాలిని మామా అనే పిలుస్తారు. వలిదీ గురమ్మదీ రాయచోటి పక్కన ఒకటే ఊరు. అతను సాయిబు, ఆమె రెడ్ల పిల్ల. అయినా ఊరంతా వరసలు కలుపుకున్నట్టే అతన్ని చిన్నప్పటినుంచి వలి మామా అనే పిలిచింది. ఒక కేక వేస్తే ఇద్దరు మామలు పలికేవారు. మంచిరోజుల్లో బదర్ దానికి పడీపడీ నవ్వేవాడు.

నూరియా సీసా ముందు మోకాళ్ళ మీద కూలబడింది.

"బల్లి కొరికిందేమోలే," అన్నాడు వలి తెలుగులో.

"మూత పెట్టిన సీసాలోకి బల్లి యాడొస్తాది మామా? ఎవుడిదో దిష్టి."

"చేపకు దిష్టేందే? దానికేమన్నా పెండ్లి సంబంధం చూస్తాండామా?"

వలి మాట వినకుండా గురమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టి సీసా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకు ముగ్గురూ దగ్గారు. నీళ్ళు మార్చి చిటికెడు ఉప్పు కలిపింది. మర్నాటికి తోక ఇంకాస్త తగ్గింది.

అసలు దొంగను పట్టింది నూరియానే. భోజనం మానేసి రోజంతా సీసా ముందే కూర్చుంది. మధ్యాహ్నం ఆమె పెట్టిన కేకకు గురమ్మ పరుగెత్తింది. చేప చక్రంలా గిర్రున తిరిగింది. వంగింది. తన తోకను తానే నోటపట్టి చించింది. మళ్ళీ సీసా గోడకేసి మొప్పలు విప్పి ఉరికింది, మళ్ళీ వెనక్కి తిరిగి చించుకుంది.

"ఇది తన్ను తానే తింటోంది," అంది నూరియా.

గురమ్మ చేప ఉరికిన వైపు చూసింది. సీసా వెనక కిటికీ. ఇంట్లో మనుషులున్నట్టు బయటికి తెలియకూడదని వలి కిటికీలన్నిటికీ నల్ల కాగితం అంటించాడు. నల్లబడిన అద్దంలో సీసా, దాని మీద వంగిన రెండు ముఖాలు స్పష్టంగా కనబడుతున్నాయి. సీసాలో ఎర్ర చేప కూడా.

పొద్దస్తమానం ఎదురుగా నిలబడి ఉన్న శత్రువు. ఎంత బెదిరించినా పారిపోడు, ఎంత ఉరికినా చేతికందడు. చివరికి కసి తీర్చుకోవడానికి దొరికింది తన తోకే.

సీసాను వంటింటి అరలోకి మార్చి చుట్టూ గుడ్డ చుట్టారు. చేప పిచ్చి తగ్గింది. కొన్నాళ్ళకు తెగిన అంచుల దగ్గర ఉల్లిపొరలాంటి పల్చటి రెక్క మొలిచింది. ఆ రోజు నూరియా తనంతట తానే అన్నం అడిగింది. ఇక గట్టెక్కినట్టేనని గురమ్మ అనుకుంది.

అప్పుడే ఎదుటి బడిలో ఇరాకీ సైనికులు దిగారు.

గేటు కొట్టగానే వలి వేసిన ఎత్తు ఇది. ఇంటివాళ్ళు వేసవికే లండన్ వెళ్ళిపోయారు. మేం ముగ్గురం ఇల్లు కాసుకునే ఇండియా పనివాళ్ళం. నూరియా గురమ్మ పాత పైజామా, వెలిసిన ఓణీ వేసుకుంది. పేరు అమీనా బీ, వలి పెళ్ళాం. నోరు తెరిస్తే కువైటీ యాస బయటపడుతుంది గనక మూగది.

"ఇంక మామా అనే మాట నీ నోట రాకూడదు," అని వలి గురమ్మను హెచ్చరించాడు. "మూగదాన్ని ఏమని పిలుస్తావు?"

"అమీనా."

"ఒగసారి చాలదు. పడుకునేముందు కూడా అనుకో."

గురమ్మ గిన్నెలు తోముతూ అమీనా, ఊడుస్తూ అమీనా అనుకుంది. నూరియా నేల తుడిచింది, సైనికులకు చాయ్ తెచ్చి ఇచ్చింది, తల ఎత్తలేదు. ఆ చేతులకు పని కొత్తని ఎవరూ గమనించలేదు.

చేపను గమనించాడు జాసిమ్.

మీసం సరిగా రాని సైనికుడు. నీళ్ళ మధ్య పుట్టానని, తన తండ్రి చేపలు పట్టేవాడని చెప్పేవాడు. చాయ్ కోసం వంటింట్లోకి వచ్చి అరలో గుడ్డ లాగి చూశాడు. "అబ్బ! ఇది కొట్లాడే చేప!" అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. మర్నాడు ఏదో కారుకు ఊడబీకిన అద్దం పట్టుకొచ్చి సీసాకు ఆనించాడు. చేప మొప్పలు విప్పి ఉరికింది. జాసిమ్ నవ్వాడు. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. పొద్దుపోక చేసే పని, అంతే. అతను వెళ్ళాక చేప వెనక్కి తిరిగి, కొత్తగా మొలిచిన పొరను మొదలంటా చించుకుంది.

"సారు, చేపకు జబ్బు, అద్దం చూపీవద్దు," అని గురమ్మ వచ్చీరాని అరబ్బీలో బతిమాలింది.

"జబ్బు చేపకు ఇంత కోపముంటుందా?" అన్నాడు వాడు.

సీసా దాచేస్తే అనుమానం. రానీయకపోతే తుపాకి. అతను రోజూ వచ్చాడు. చేప రోజూ కొంత తగ్గింది. నూరియా కూడా. అతను అద్దం పెట్టినప్పుడల్లా ఆమె కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగేది.

"కొంచెం ఓర్చుకో," అని గురమ్మ రహస్యంగా చెప్పేది. "ఈళ్ళు వేరే వీధికి పోతారంట."

"అది పోతే నేను ఆగను," అనేది నూరియా. "నన్ను కట్టేసినా ఆగను."

ఒకరోజు జాసిమ్ తన సార్జెంటును వెంటబెట్టుకొచ్చాడు. లావుపాటి మనిషి, కళ్ళు నిద్రలేక ఎర్రబడ్డాయి. "సర్, ఈ తమాషా చూడండి," అని జాసిమ్ సీసాను బల్ల మీద పెట్టి, ఒకవైపు అద్దం ఆనించాడు. సార్జెంటు రెండోవైపు తన సిగరెట్ పెట్టె వెండి మూత పెట్టాడు.

చేపకు ఎటు తిరిగినా శత్రువే. ఒకసారి ఇటు ఉరికింది, ఒకసారి అటు. తర్వాత రెండూ వదిలేసి తన మీద పడింది. తోకలో మిగిలిన మొండిముక్కను నోటపట్టి గుంజింది. నీళ్ళలో సన్నటి ఎర్ర దారం లేచింది. సార్జెంటు బల్ల చరిచి నవ్వాడు.

చాయ్ పళ్ళెం కిందపడింది. నూరియా ఆ అద్దం మీదికి చెయ్యెత్తి దూకబోయింది.

"మామా, వద్దు!"

ఆ అరుపు తనదేనని గురమ్మకు తెలిసేసరికి అయిపోయింది. ఇన్నాళ్ళూ జపించిన పేరు అవసరానికి నాలుక మీదికి రాలేదు. ఏళ్ళ తరబడి పలికిన మాటే వచ్చింది.

సార్జెంటు నవ్వు ఆపాడు. "ఇక్కడ మామా ఎవరు?"

గురమ్మ చెయ్యి వలి వైపు లేచింది. "ఈయప్ప సారు! మా బాసలో మామా అంటే... అమ్మ తమ్ముడు. మా మామ ఈయన."

సార్జెంటు వలి దగ్గరికొచ్చాడు. "నీ పేరు?"

"హుస్సేన్ వలి."

అతని చూపు గురమ్మ నుదుటి బొట్టు మీద ఆగింది. "ఇది హిందువు. నువ్వు దీని తల్లికి తమ్ముడివా?"

"అల్లా మీద ఒట్టు సారు. మా ఊర్లో అందరం వరసలు పెట్టి పిలుచుకుంటాం. మతం చూడం. పసిబిడ్డప్పటినుంచి నన్ను మామా అనే పిలుస్తాది."

అక్షరం అక్షరం నిజం. ఇన్నాళ్ళూ చెప్పిన అబద్ధాలన్నీ నమ్మినవాడు ఈ ఒక్క నిజం నమ్మలేదు. తుపాకి మడమతో వలి దవడ మీద కొట్టాడు. వలి బల్ల కాళ్ళ దగ్గర పడ్డాడు.

"అది మామా అని అరిస్తే నువ్వు కదల్లేదు," అన్నాడు సార్జెంటు. "చెయ్యెత్తిన మూగది ఠక్కున ఆగిపోయింది." తుపాకి మూతిని వలి చెవికి ఆనించి, నూరియా వైపు తిరిగాడు. "నువ్వెవరో వీడు చెప్తాడా, నువ్వు చెప్తావా?"

వలి నోటి నిండా రక్తంతోనే, "నా పెండ్లాం," అన్నాడు.

నూరియా తల మీది ఓణీ సర్దుకుంది. నిటారుగా నిలబడింది. అరవకుండా, శుద్ధమైన కువైటీ అరబ్బీలో మాట్లాడింది.

"అతన్ని వదులు. ఈ ఇల్లు నాది. బదర్ తల్లిని నేను. నా కొడుకును ఎక్కడ పెట్టారో అక్కడికి తీసుకుపో."

గురమ్మ ఆమె కాళ్ళను వాటేసుకుంది. నూరియా వంగి ఆ వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది. జీపు ఎక్కేటప్పుడు వెనక్కి చూడలేదు. ఆ ముఖంలో భయం లేకపోవడమే గురమ్మను ఎక్కువ భయపెట్టింది.

రెండోరోజు జాసిమ్ ఒక్కడే వచ్చాడు. అద్దం తేలేదు.

"సాయంత్రం ఈ ఇల్లు తగలబెడతారు. మీరు పొండి. ఇండియావాళ్ళ బస్సులు పోతున్నాయి."

"మామా యాడుంది?"

అతను బూట్లవైపు చూశాడు. "అడగొద్దు."

"ఆ పిల్లోడన్నా ఉండాడా?"

జాసిమ్ తుపాకి భుజం మార్చుకున్నాడు. "వాణ్ణి పట్టుకున్నరోజే... గోడకు నిలబెట్టి కాల్చినప్పుడు నేనూ ఉన్నాను. ఇది వాడి ఇల్లని నాకు మొన్నటిదాకా తెలీదు."

గురమ్మ అతని మీద అరవలేదు. వంటింట్లోకి వెళ్ళింది. ఇన్నాళ్ళూ తాము చేప ప్రాణం కాపాడింది, అప్పటికే పోయిన ప్రాణం కోసం.

చేప మాత్రం ఇంకా ఉంది. తోక లేదు. ఆ జాతి చేప పైకొచ్చి గాలి మింగాలి, లేకపోతే నీళ్ళలో ఉండి కూడా ఊపిరాడక చస్తుంది. సీసా అడుగునుంచి జానెడు లేచి, ఈదలేక మళ్ళీ రాయిలా పడిపోతోంది. మళ్ళీ లేస్తోంది. మళ్ళీ పడుతోంది.

గురమ్మ గ్లాసుతో నీళ్ళు తోడసాగింది. ఒక గ్లాసు, ఇంకో గ్లాసు. నీళ్ళు రెండువేళ్ళ లోతుకు దిగాక చేప మూతి గాలికి అందింది. చిన్న బుడగ వదిలింది.

బయటినుంచి వలి పిలిచాడు. వాచిన దవడతో మాట ముద్దగా వచ్చింది. "యల్లా, గురమ్మా. బస్సు ఆగదే."

"ఈ ఎండకు ఆ నీళ్ళు మాపటిదాకా గూడా నిలవవు మామా."

"తెలుసు లేమ్మే. రా."

గురమ్మ గ్లాసు బోర్లించి బల్ల మీద పెట్టింది. తోడిన నీళ్ళు తూములోకి జారి, గులకరాళ్ళ చప్పుడుతో కిందికి పోయాయి.