ప్రార్థనలో చల్లారిన బిర్యానీ

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక హోటలుకు వెళ్దామని దేవసహాయం అన్నప్పుడే ప్రేమమణి గుండెల్లో రాయి పడింది. కూతురు డోరాకు హోటల్ మేనేజ్‌మెంట్ చదువు పూర్తయి, బేగంపేటలో ఒక పెద్ద హోటల్లో ఉద్యోగమొచ్చింది. రేపు సోమవారం చేరాలి. ఆ సంతోషానికే ఈ భోజనం. ఒక్క పూట, దేవుడా, ఒకే ఒక్క పూట ఈయన నోరు పారేసుకోకుండా తిని లేస్తే చాలు, పిల్ల నవ్వుమొహంతో బోయిగూడలో ఇంటికి చేరితే చాలు అనుకుంది.

అసలు హోటల్లో అడుగు పెడితే ఆ మనిషికి ఏం పూనుతుందో! ఇంట్లో గట్టిగా తుమ్మను కూడా తుమ్మడు. కంపెనీలో హెడ్ క్లర్కు. ఆఫీసరు బెల్లు కొడితే కుర్చీలోంచి లేచి పరుగో పరుగు. వారమంతా "ఎస్సార్, ఎస్సార్" అంటూ మింగిందంతా ఆదివారం ఏ సర్వరు దొరికితే ఆ సర్వరు మీద కక్కుతాడు. టేబుల్ తుడవలేదని ఒకసారి, తుడిచిన గుడ్డ తడిగా ఉందని ఇంకోసారి. సీతాఫల్‌మండిలో ఒక టిఫిన్ హోటల్ ముందు నుంచి వెళ్లాల్సొస్తే ఈవిడ ఇప్పటికీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది.

స్టేషన్ దగ్గరి హోటల్లో కిటికీ పక్కన కూర్చున్నారు. సోమయ్య అనే సర్వరు, యాభై దాటిన మనిషి, పొగలు కక్కుతున్న బిర్యానీ తెచ్చి ముగ్గురికీ పెట్టాడు.

"ప్రార్థన చేసుకుందాం" అన్నాడు దేవసహాయం.

చేసుకోవాల్సిందే, ఎవరు కాదన్నారు? కానీ రెండు ముక్కల్లో ముగిస్తాడా మహానుభావుడు! డోరా పుట్టినప్పటి నుంచి మొదలెట్టాడు. పదో తరగతికి, ఇంటరుకి, తగ్గిన టైఫాయిడుకి, అన్నిటికీ విడివిడిగా స్తోత్రం. తర్వాత పాస్టరు అయ్యగారి మోకాళ్ల నొప్పులు, మిషనరీలు, దేశాన్నేలే నాయకులు. "ఈ ఆహారాన్ని, వడ్డించే చేతులను ఆశీర్వదించు తండ్రీ." పాపం సోమయ్య పెరుగు చట్నీ గిన్నె పట్టుకుని, పెట్టాలో వద్దో తెలీక అలాగే నిలబడిపోయాడు. ప్రేమమణి ఒక కన్ను తెరిచి చూసింది. పొగ ఎప్పుడో ఆగిపోయింది.

ఆమెన్ అన్నాడో లేదో, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని దేవసహాయం మొహం చిట్లించాడు.

"ఏమయ్యా, నిన్నటిదా ఇది? మంచుముద్దలా ఉంది!"

"గరంగనే తెచ్చిన సార్. జెర ఆగుండ్రి, మల్ల వేడి చేసి తెస్త."

"ఎదురు మాట్లాడతావా? నేనెవరో తెలుసా? మేనేజర్ని పిలువు!"

ఎవరని చెబుతాడో! హోటలంతా ఇటు తిరిగింది. ప్రేమమణికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏవండీ, మీ ప్రార్థనకే కదండీ చల్లారింది!" అంది ఒళ్లు మండి. వినిపించుకుంటేగా!

డోరా లేచింది. తండ్రి ముందున్న పళ్లెం చేతిలోకి తీసుకుంది. "వంటగది ఎటు అంకుల్?" అని సోమయ్యను అడిగింది.

"కూర్చోవే! ఎంగిలి పళ్లేలెత్తే ఖర్మ నీకేంటి? నువ్వు మేనేజరువి!" అన్నాడు దేవసహాయం.

"ఎవరు చెప్పారు డాడీ? ముందు ఆర్నెల్లు ట్రైనింగ్. రేపట్నుంచి నేనూ ఇవే మోయాలి."



"నువ్వెందుకు బిడ్డా, ఇటియ్యి" అంటూ సోమయ్య పళ్లెం అందుకుని లోపలికి వెళ్లిపోయాడు. డోరా కూర్చుంది. ఏ నవ్వు కోసం ప్రేమమణి దేవుణ్ణి అంత బతిమాలుకుందో ఆ నవ్వు కాస్తా పోయింది. ఏడుపొచ్చింది ఆవిడకు. కట్టుకున్నవాణ్ణి అక్కడే నాలుగు దులిపేద్దామన్నంత కోపమూ వచ్చింది.

దేవసహాయం కూతురి వైపు వంగాడు.

"అమ్మా, అది పెద్ద హోటలు కదా. అక్కడికి మర్యాద తెలిసినవాళ్లే వస్తారుగా?"



కూతురికి బదులు ప్రేమమణే చెప్పింది. "మీలాంటివాళ్లే వస్తారండీ. పెళ్లాంపిల్లల్ని వెంటేసుకుని, చర్చి నుంచి తిన్నగా."